తరగతిలో అందరి జవాబూ వినాలంటే

డిజిటల్ బోధన అనగానే మన కళాశాలల్లో గుర్తొచ్చేవి స్మార్ట్ బోర్డు, పవర్‌పాయింట్ స్లైడ్లు, వాట్సాప్ గ్రూపులో పెట్టే పీడీఎఫ్ నోట్సు, యూట్యూబ్ వీడియోలు. అన్నీ పనికొచ్చేవే. అయితే వీటన్నిటిలోనూ సమాచారం అధ్యాపకుడి దగ్గర బయల్దేరి విద్యార్థి దగ్గర ఆగిపోతుంది. నల్లబల్ల, సుద్దముక్క ఎప్పటినుంచో చేస్తున్న పని అదే. చెప్పింది ఎంతమందికి అర్థమైందో పాఠం నడుస్తుండగానే అధ్యాపకుడికి తెలియడం మాత్రం పాత పద్ధతిలో కష్టం. ముందు వరుసలో నలుగురు తలూపితే తరగతి మొత్తానికీ అర్థమైందనుకుని ముందుకెళ్లిపోతాం. ఈ లోటును ఏ మేరకు తీరుస్తుందన్నదాన్ని బట్టే ఒక యాప్ విలువ కట్టాలి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు బలం, చలనం గురించిన మౌలిక భావనలపై ఒక పరీక్ష పెట్టారు. బరువైన లారీ, తేలికపాటి కారు ఢీకొంటే దేనిమీద ఎక్కువ బలం పడుతుందన్న తరహా ప్రశ్నలవి. రెండింటిమీదా సమానమేనని న్యూటన్ మూడో నియమం చెబుతుంది. ఆ నియమాన్ని అప్పజెప్పగలిగి, కష్టమైన లెక్కలు చేయగలిగినవారు కూడా ఇలాంటి ప్రశ్నల దగ్గర తడబడ్డారు. దాంతో 1991లో ఆయన పద్ధతి మార్చారు. కాసేపు పాఠం చెప్పి, నాలుగు ఐచ్ఛికాలున్న ప్రశ్న వేస్తారు. ప్రతి ఒక్కరూ ఎవరికివారే జవాబు ఎంచుకోవాలి. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగా చెబితే పక్కవారితో చర్చించి మళ్లీ జవాబివ్వమంటారు. అంతకన్నా తక్కువైతే ఆ అంశాన్ని మళ్లీ వివరిస్తారు. ఎక్కువైతే ముందుకు సాగుతారు. దీన్నే సహాధ్యాయుల బోధన అనుకోవచ్చు. మొదట చేతులెత్తించి, తర్వాత అట్టముక్కలతో, ఆపైన క్లిక్కర్లనే చిన్న రిమోట్లతో నడిచిన ఈ పద్ధతిని ఇప్పుడు కహూట్, మెంటిమీటర్, గూగుల్ ఫామ్స్, మూడుల్ క్విజ్ వంటివాటితో ఎవరైనా నడపవచ్చు.

విద్యార్థిని పనిలో దించే బోధన ఫలితాలను 2014లో ఒక విస్తృత పరిశీలన లెక్కగట్టింది. సైన్స్, ఇంజినీరింగ్, గణిత డిగ్రీ కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను కలిపి చూస్తే, ఉపన్యాసమే సాగిన తరగతుల్లో దాదాపు 34 శాతం మంది తప్పారు. విద్యార్థులు చర్చిస్తూ, సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న తరగతుల్లో ఆ సంఖ్య 22 శాతానికి తగ్గింది. ఈ ఘనత యాప్‌లది మాత్రం కాదు. అట్టముక్కలు వాడిన తరగతినీ, క్లిక్కర్లు వాడిన తరగతినీ 2008లో పోల్చి చూస్తే నేర్చుకున్నదాంట్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నేర్పేది ప్రశ్న, చర్చ. జవాబులను క్షణాల్లో లెక్కించడం, భద్రపరచడం, ఎవరు ఏం చెప్పారో తోటివారికి తెలియకుండా దాచడం యాప్ చేసే మేలు. మనకు ఈ చివరిది చాలా అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ కోర్సులు ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి లేచి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పడానికి జంకవచ్చు. తెరమీద ‘సి’ నొక్కడానికి ఆ జంకు అక్కర్లేదు.

ఇలా చేస్తే సిలబస్ పూర్తికాదన్నది అధ్యాపకుల మొదటి అభ్యంతరం. అది నిజమైన ఇబ్బందే. కాబట్టి వివరణలో కొంత భాగాన్ని తరగతి బయటికి పంపాలి. ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్‌లోనూ, 2017లో వచ్చిన స్వయం అనే ఆన్‌లైన్ వేదికలోనూ వీడియో పాఠాలు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివి క్రెడిట్లు పొందేందుకు యూజీసీ 2021లో వీలు కల్పించింది. అలాగని వీడియోలకే వదిలేస్తే నష్టం. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి ఆన్‌లైన్‌లో ఉచితంగా చెప్పిన కృత్రిమ మేధ కోర్సులో 1,60,000 మందికి పైగా చేరితే, చివరిదాకా నిలిచినవారు అందులో చిన్న భాగమే. పాఠం ఇంట్లో విన్నా, ప్రశ్న ఎదుర్కొనే చోటు తరగతే కావాలి.

ఫోన్ చేతికిస్తే ధ్యాస చెదురుతుందన్న భయమూ నిరాధారం కాదు. తరగతిలో ల్యాప్‌టాప్‌పై వేరే పనులు చేసుకునేవారికే కాక, ఆ తెర కనిపించేలా కూర్చున్నవారికి కూడా మార్కులు తగ్గినట్టు కెనడాలో జరిగిన 2013 నాటి అధ్యయనం చూపింది. ప్రశ్న వేసినప్పుడు రెండు నిమిషాలు ఫోన్ తీయించి, తర్వాత సంచిలో పెట్టించాలి. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ లేకపోతే ప్లికర్స్ ఉంది. విద్యార్థులు అచ్చువేసిన కాగితపు కార్డును జవాబుకు తగ్గట్టు తిప్పి పట్టుకుంటే, అధ్యాపకుడి ఒక్క ఫోన్ కెమెరా వాటన్నిటినీ చదువుతుంది. ఇక విద్యార్థులకే ఇది నచ్చదన్న మాట ఉంది. హార్వర్డ్‌లోనే జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. చురుగ్గా పాల్గొన్న తరగతిలో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామనుకున్నారు. సాఫీగా సాగే ఉపన్యాసం వింటే అంతా తెలిసినట్టే ఉంటుంది. ఆలోచిస్తే కదా తెలియనిది బయటపడేది! అందుకే ఈ శ్రమ ఎందుకో సెమిస్టర్ మొదట్లోనే చెప్పాలి. విద్యార్థుల అభిప్రాయ పత్రం ఒక్కదాన్నే చూసి బోధనను తూకం వేయకూడదు.

కళాశాలలు కొత్త సాఫ్ట్‌వేర్ కొనేముందు, దానివల్ల వెనుక బెంచీ విద్యార్థి జవాబు అధ్యాపకుడికి చేరుతుందా అని అడగాలి. చేరదంటే ఆ డబ్బును మంచి ప్రశ్నలు తయారుచేసే అధ్యాపకుల శిక్షణకు ఖర్చుచేయడం మేలు. అధ్యాపకులు పెద్ద ఏర్పాట్ల కోసం ఆగనక్కర్లేదు. పీరియడ్‌కు ఒక్క మంచి ప్రశ్నతో రేపే మొదలుపెట్టవచ్చు.