దాపలి షాఫ్టు వలపలికి

కారు బతుకంతా ముందుకు నడవడమే. రివర్స్‌లో నడిచేదెంత? షెడ్డులోంచి రోడ్డెక్కేంత. అందుకే చక్రాన్ని తిప్పే భాగాలు ఎక్కువగా ఒక పక్కే అరుగుతాయి, రెండో పక్క దాదాపు కొత్తగానే ఉంటుంది.

గుంటూరు–బాపట్ల రోడ్డున పొన్నూరు మీదుగా తిరిగిన అంబాసిడర్లకు వెనక ఇరుసు గట్టిది. ప్రొపెల్లర్ షాఫ్టుకు క్రాసులుంటే సరిపోయేది. కానీ క్రాసు జాయింటు వంపులో తిరిగితే ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. స్టీరింగుతో పాటు తిరిగే ముందు చక్రానికి ఇంజను బలం అందించాలంటే ఈ తడబాటు పనికిరాదు. ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా 1920లలో దీనికి దారి చూపాడు. గిన్నెలాంటి బయటి భాగంలో, దాని లోపలి దిమ్మ మీద గాడులు తీసి, మధ్య ఉక్కు గుండ్లు పెట్టాడు. మామూలుగా ఆరు. ఎంత వంపులోనైనా ఆ గుండ్లు వంపును సరిగ్గా సగం చేసే తలంలోనే నిలుస్తాయి కాబట్టి రెండు వైపులా వేగం ఒకటే. 1959 నాటి మినీ, మన 1983 నాటి మారుతి 800 ముందు చక్రాలు తిరిగింది ఇలాంటి జాయింట్లతోనే.

గుండ్లు ముందుకు తోసేటప్పుడు గాడిలో ఒక గోడనే ఒత్తుతాయి. 1967లో వచ్చిన రెండో తరం వోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లో వెనక షాఫ్టులు రెండూ ఒకే పొడవు, ఒక్కోదానికి రెండేసి జాయింట్లు. దాపలి ఎద్దును వలపలికి కట్టినట్టు ఎడమ షాఫ్టును కుడికి మారిస్తే, భారం అరగని గోడ మీదికి వెళ్తుంది. ఎందుకంటే కారు ముందుకు పోతుంటే ఎడమ చక్రం బయటినుంచి చూసేవాడికి అపసవ్యంగా, కుడి చక్రం సవ్యంగా తిరుగుతుంది.  వైపు మారుస్తూ షాఫ్టు కొనలు తారుమారు చేసినా భారం పడేది అరగని గోడ మీదే. ఏది ఏ వైపుదో తెలిసేలా విప్పేముందే షాఫ్టుకు సుద్దతో గుర్తు పెట్టాలి.

అన్ని కార్లకూ ఇది కుదరదు. మారుతి 800లో ఇంజను అడ్డంగా, గేర్‌బాక్సు ఒక పక్కన ఉండటంతో రెండు షాఫ్టుల పొడవులు వేరు. గాడిలో గుంటలు పడినా, గుండు పెచ్చులూడినా, వేడికి ఉక్కు నీలం తిరిగినా మార్పిడి పెట్టుకోకూడదు, కొత్తది వేయాల్సిందే. రబ్బరు బూటు చిరిగి నల్లరేగడి బురద లోపలికి చేరిన జాయింటుదీ చాలాసార్లు ఇదే గతి. గ్రీజుతో కలిసిన మట్టి రెండు గోడలనూ తినేస్తుంది.