ఇస్తాంబుల్‌లో ఒక రోజు: భుజాన సంచిలో ఏముండాలి?

ఉమ్రా ముగించుకుని తిరుగు ప్రయాణంలో ఇస్తాంబుల్‌లో ఒకటి రెండు రోజులు ఆగి రావాలని మనవాళ్లలో చాలామందికి ఉంటుంది. పెద్ద సూట్‌కేసులో ఏం సర్దాలో అందరికీ తెలుసు. ఉదయం హోటల్ నుంచి బయలుదేరి రాత్రికి గది చేరే ఆ ఒక్క రోజుకు వెంట ఏం తీసుకెళ్లాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు. మేము కష్టపడి నేర్చుకున్నది చెబుతాం.

మాతో అమ్మీ కూడా వచ్చారు. ఆమెకు షుగర్ ఉంది. ఆ రోజు ఉదయం మాత్ర వేసుకుని, సరిగా తినకుండానే బయలుదేరారు. సుల్తాన్ అహ్మద్ మసీదు, ఎదురుగా ఆయా సోఫియా చూసుకుని, తోప్‌కాపీ రాజభవనం టికెట్ల వరుసలో నిలబడ్డాం. ఉన్నట్టుండి ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. షుగర్ పడిపోయిందని అర్థమైంది. మదీనాలో కొన్న ఐదు కిలోల ఖర్జూరాలు హోటల్ గదిలో పెట్టెలో భద్రంగా ఉన్నాయి. మా దగ్గర ఒక్కటీ లేదు! దగ్గర్లోని టీ కొట్టు పెద్దాయన మా కంగారు చూసి, గాజు గ్లాసులో టీ, గుప్పెడు చక్కెర బిళ్లలు తెచ్చిచ్చారు. డబ్బు పుచ్చుకోలేదు. అల్‌హమ్దులిల్లాహ్, పావుగంటలో అమ్మీ తేరుకున్నారు.

ఆ రాత్రి సంచి మళ్లీ సర్దుకున్నాం. ఏం చూడబోతున్నామని కాక, ఎవరితో నడుస్తున్నామని ఆలోచించి సర్దాం.

మొదట మందులు. ఆ రోజు వేసుకోవలసినవి, ఇంకో పూటకు అదనంగా, అట్టలోనే ఉంచి తీసుకెళ్లాలి. డాక్టరు చీటీ కూడా ఉండాలి. షుగర్ ఉన్నవారి జేబులోనే నాలుగు ఖర్జూరాలో, చక్కెర బిళ్లలో ఉండాలి. సంచి మోసేవాళ్లు గుంపులో వెనకబడిపోవచ్చు.

తర్వాత కాగితాలు. పాస్‌పోర్టులు లోపలి జేబులో, వాటి నకళ్లు గదిలో, ఫోటోలు ఫోనులో ఉంచాలి. హోటల్ పేరు, చిరునామా ఉన్న కార్డు రిసెప్షన్‌లో అడిగి తీసుకుని, చిన్నపిల్లలతో సహా ప్రతి ఒక్కరి జేబులో పెట్టాలి. వెనక మన ఫోను నంబరు రాయాలి. తప్పిపోయినవారు భాష రాకపోయినా కార్డు చూపిస్తే చాలు. అత్యవసరమైతే అక్కడ కూడా మన దగ్గరలాగే 112కు ఫోను చేయాలి.

కాళ్ల సంగతి. పాత ఇస్తాంబుల్ అంతా ఎత్తుపల్లాలు, రాళ్లు పరిచిన దారులు. కొత్త జోళ్లు వద్దు. మసీదు మసీదుకూ విప్పాలి కాబట్టి లేసులు లేని మెత్తని బూట్లు మేలు. అదనంగా ఒక జత సాక్సులు, జోళ్లు పెట్టుకోవడానికి ఒక గుడ్డసంచి ఉండాలి. వుజూ నీళ్లు చలికాలంలో గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి కాబట్టి చిన్న తువ్వాలు మరచిపోకండి.

దుస్తులు. ఆడవాళ్లకు తల, భుజాలు కప్పే పెద్ద దుపట్టా, మగవాళ్లకు మోకాళ్లు దాటిన ప్యాంటు ఉండాలి. బాస్ఫరస్ మీద పడవ ఎక్కితే ఎండ కాస్తున్నా గాలి కోస్తుంది. పలుచని స్వెటరు, మడిచే గొడుగు పెట్టుకోవాలి.

ఫోనులో రెండు. ఒకటి పటం. రెండోది అక్కడి నమాజు వేళల పట్టిక. తుర్కియేలో హనఫీలే ఎక్కువైనా, అస్ర్ వేళ మన హనఫీ మసీదులకంటే ముందే అవుతుంది. నమాజు సమయంలో సుల్తాన్ అహ్మద్ మసీదులోకి సందర్శకులను అనుమతించరు. నమాజు చదివేవారు వెళ్లవచ్చు. రోజంతా ఫోటోలు తీస్తే ఫోను చచ్చిపోతుంది కాబట్టి పవర్‌బ్యాంకు తప్పనిసరి.

డబ్బు. కొద్దిగా లీరాలు చేతిలో, మిగతాది ఇంకోచోట ఉంచాలి. ఇస్తాంబుల్‌కార్ట్ కొనుక్కుంటే ట్రాముకు, మెట్రోకు, పడవకు అదే చాలుతుంది. బయలుదేరేముందు వారం చూసుకోండి. తోప్‌కాపీకి మంగళవారం, గ్రాండ్ బజారుకు ఆదివారం సెలవు.

ఇక వదిలేయవలసినవి: నగలు, పెద్ద కెమెరా సంచి, "ఎందుకైనా మంచిది" అని పెట్టే వస్తువులన్నీ. రాజభవనం గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. చిన్న సంచి ఉన్నవారు త్వరగా దాటిపోతారు.

మర్నాడు మళ్లీ తోప్‌కాపీ వెళ్లాం. ప్రవక్త (స) వారి పవిత్ర వస్త్రం భద్రపరచిన భాగంలో ఖురాన్ పారాయణం వింటూ అమ్మీ చాలాసేపు నిలబడ్డారు. బయటికొచ్చి జేబులోంచి ఒక ఖర్జూరం తీసి నోట్లో వేసుకున్నారు. మిగిలినవి ఆ టీ కొట్టు పెద్దాయన చేతిలో పెట్టించారు. మదీనావని చెప్పగానే ఆయన కళ్లకద్దుకున్నారు.

ప్రయాణానికి సర్దుకుంటున్న మీరందరూ క్షేమంగా వెళ్లి రావాలని మా దువా.