నిలిపిన కారును గుద్దిపోతే

ఆగి ఉన్న కారును మరో వాహనం గుద్దితే తప్పెవరిదన్న తగువు పెద్దగా ఉండదు. కారు కదల్లేదు, అందులో మనిషి లేడు. చిక్కంతా గుద్దిందెవరో తేల్చడం దగ్గరే వస్తుంది. యజమాని వచ్చి చూసేసరికి తలుపు మీద సొట్ట, కింద పగిలిన ఇండికేటర్ ముక్కలు, పక్కనున్న టీ కొట్టులో ‘ఏదో లారీ అనుకుంటా’ అనే అరకొర సమాచారం మిగులుతాయి. బీమా, పోలీసు, కోర్టు ఏ దారిన వెళ్లినా మొదటి గంటలో చేతికి దొరికిన ఆధారం మీదే ఆ తర్వాతి కథంతా నడుస్తుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా అడవి అంచుకు పోయే దారుల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు గనుల బొగ్గు లారీలు, సారపాక పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర మోసే బండ్లు, గోదావరి ఇసుక లారీలు, ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలతో వచ్చే వాహనాలు అన్నీ ఈ రోడ్లనే పంచుకుంటాయి. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం మీదుగా ఛత్తీస్‌గఢ్‌కు వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఊళ్ల మధ్య నుంచే సాగుతుంది. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి భద్రాచలం వీధుల్లో ఖాళీ జాగా కనిపిస్తే చాలు, అక్కడో కారు ఆగి ఉంటుంది. వాటి మధ్య నుంచి బస్సు రివర్స్ తీస్తే ఎవరి కారుకో ఒకరి కారుకు గీత పడక తప్పదు.

దీనికి సరిహద్దు తోడైంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. ఊరు దాటి చింతూరు వైపు అడుగు పెట్టగానే ఎటపాక మండలం వస్తుంది, అది ఆంధ్ర. అదే దారిలో ఇంకా ముందుకు పోతే కుంట దగ్గర ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే దారిలోనూ మధ్యలో ఆంధ్ర పంచాయతీలు తగులుతాయి. పొద్దున భద్రాచలంలో కారును రాసుకుపోయిన లారీ మధ్యాహ్నానికల్లా మూడో రాష్ట్రంలో ఉండొచ్చు.

నంబరు ప్లేటును సగం చూసినా పనికొస్తుంది. ఖమ్మం కోడు 04, భద్రాద్రి కొత్తగూడెం కోడు 28. వీటి ముందు పాత బండ్లకు టీఎస్, 2024 మార్చి తర్వాతి వాటికి టీజీ ఉంటాయి. సీజీ ఉంటే ఛత్తీస్‌గఢ్, ఓడీ ఉంటే ఒడిశా. ఏపీ 20 దగ్గర మాత్రం తొందరపడకూడదు. అది ఉమ్మడి ఖమ్మం జిల్లా నంబరు. ఆ బండి యజమాని ఇప్పుడు ఖమ్మంలో ఉండొచ్చు, జిల్లా నుంచి ఆంధ్రకు వెళ్లిపోయిన చింతూరులోనూ ఉండొచ్చు. పూర్తి నంబరు దొరికితే ఎం పరివాహన్ యాప్‌లో కొడితే బండి రకం, బీమా గడువు, ఫిట్‌నెస్ గడువు కనిపిస్తాయి. యజమాని పేరు అక్కడక్కడా చుక్కలతో వస్తుంది. మొత్తం వివరాలు పోలీసులకు, రవాణా శాఖకు అందుబాటులో ఉంటాయి.

నంబరు దొరకనప్పుడు కారే సాక్షి. అందుకే దాన్ని వెంటనే కదపకూడదు, కడగకూడదు. ముందు దూరం నుంచి, కారూ రోడ్డూ పక్కనున్న దుకాణం బోర్డూ ఒకే ఫొటోలో పడేలా తీయాలి. తర్వాత దెబ్బను దగ్గర నుంచి తీయాలి. దెబ్బ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి ఫొటో తీస్తే గుద్దిన బండి ఏ తరహాదో అంచనాకు వస్తుంది. లారీ బంపర్, ట్రాక్టర్ ట్రాలీ మూల కారు తలుపును పైభాగంలో లోపలికి నొక్కేస్తాయి. బైకు హ్యాండిల్ అయితే సన్నటి పొడవాటి గీత గీసి పోతుంది, దాని కిందనే ఫుట్‌రెస్ట్ చేసిన రెండో గీత ఉంటుంది. సొట్ట అంచున అంటుకున్న వేరే రంగు పెచ్చును గోరుతో గీకి పారేయకుండా ఫొటో తీసి ఉంచాలి. కింద పడిన లైటు ముక్కల్లో ఒక్కోసారి కంపెనీ గుర్తు, భాగం నంబరు అచ్చై ఉంటాయి. అవి మోడల్‌ను పట్టిస్తాయి.

తర్వాత కెమెరాలు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కూడళ్లలో పోలీసు కెమెరాలున్నాయి. పోలీసుల ‘నేను సైతం’ పిలుపుతో దుకాణాలు, కాలనీలు పెట్టుకున్నవీ ఉన్నాయి. చాలా దుకాణాల కెమెరాల్లో పాత రికార్డింగ్ కొద్ది రోజులకే చెరిగిపోయి, దాని మీద కొత్తది పడుతుంది. అందుకని ఆ రోజే అడగాలి. తెరను ఫోన్‌తో వీడియో తీసుకోవడం ఆనవాలుకు చాలు. కోర్టు దాకా వెళ్లే ఉద్దేశం ఉంటే అసలు ఫైలు కాపీ తీసుకోవాలి. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జత చేయాల్సి ఉంటుంది.

గుద్దినవాడు అక్కడే దొరికితే మన ఊళ్లలో సాధారణంగా జరిగేది రాజీ. నలుగురు చేరతారు, ఒక పెద్దమనిషి మధ్యలోకి వస్తాడు, మెకానిక్‌కు ఫోన్ చేసి సొట్ట తీయడానికి ఎంతవుతుందో అడుగుతారు, బేరం కుదురుతుంది. చిన్న దెబ్బకు ఇది మంచి దారే, నిజానికి అన్నిటికన్నా చవకైన దారి కూడా. కాకపోతే నోటిమాట మీద బండిని వదిలేస్తే రేపు ఫోన్ ఎత్తకపోవచ్చు. తెల్ల కాగితం మీద తేదీ, చోటు, రెండు బండ్ల నంబర్లు, ఒప్పుకున్న మొత్తం రాసి ఇద్దరూ సంతకం చేయాలి. డ్రైవరు లైసెన్సు, ఆర్సీ, బీమా కాగితాలకు ఫొటోలు తీసుకోవాలి. డబ్బు ఫోన్‌పేలోనో మరో యూపీఐలోనో తీసుకుంటే లెక్క నిలిచి ఉంటుంది. మొత్తం నష్టం ముట్టిందని రాసిచ్చాక మళ్లీ సొంత బీమా కంపెనీ దగ్గరికి వెళ్తే చిక్కులొస్తాయి. బంపర్ లోపల, రేడియేటర్ దగ్గర ఏం విరిగిందో మెకానిక్ విప్పి చూడకముందే ఆ మాట రాసివ్వడం తెలివైన పని కాదు.

రాజీ కుదరకపోతే, లేదా గుద్దినవాడు పారిపోతే 100కో 112కో ఫోన్ చేసి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. ఎవరికీ గాయాలు కాని కేసులో ఎఫ్ఐఆర్ వెంటనే పడుతుందని ఆశించలేం. భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షన్ నిర్లక్ష్యపు డ్రైవింగ్‌ను శిక్షిస్తుంది గానీ, ఆ డ్రైవింగ్ మనుషుల ప్రాణానికో ఒంటికో ముప్పు తెచ్చేదై ఉండాలి. ఉద్దేశపూర్వకంగా చేసిన నష్టానికి 324వ సెక్షన్ ఉంది. రివర్స్‌లో తగిలిన దెబ్బకు అది సాధారణంగా అతకదు. చాలా ఫిర్యాదులు జనరల్ డైరీలో నమోదై ఆగుతాయి. ఆ రసీదు, డైరీ నంబరు తీసుకోవడం మరవకూడదు. ఘటన ఎటపాకలో జరిగితే ఆంధ్ర స్టేషన్‌కు వెళ్లాలా, భద్రాచలంలో ఇవ్వాలా అన్న సందేహం ఇక్కడ తరచూ వస్తుంది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కేసు పెట్టదగిన నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు, తర్వాత సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. ఆన్‌లైన్‌లో పంపిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లోగా సంతకం పెట్టాలి.

హిట్ అండ్ రన్ కేసుల్లో ప్రభుత్వం పరిహారం ఇస్తుందని చాలామంది విని ఉంటారు. మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద మరణానికి ₹2 లక్షలు, తీవ్ర గాయానికి ₹50,000 వస్తాయి. అది మనుషులకే. కారు సొట్టకు అందులో పైసా రాదు.

మిగిలేది సొంత బీమా. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే అది ఇతరులకు జరిగిన నష్టానికే, తన కారుకు ఏమీ ఇవ్వదు. సమగ్ర పాలసీ ఉంటే గుద్దినవాడు దొరకకపోయినా మరమ్మతు ఖర్చు అడగొచ్చు. చిన్న దెబ్బలకు కంపెనీలు సాధారణంగా ఎఫ్ఐఆర్ అడగవు. అయితే సమాచారం వెంటనే ఇవ్వాలి, సర్వేయర్ చూడకముందే సొట్ట తీయించకూడదు. నగదు రహిత మరమ్మతు కంపెనీతో ఒప్పందం ఉన్న గ్యారేజీల్లోనే కుదురుతుంది. చర్లలోనో చింతూరులోనో దెబ్బ తగిలితే దగ్గర్లో అలాంటిది దొరక్కపోవచ్చు. కారును ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే కంపెనీనే అడగడం నయం.

క్లెయిమ్ పెట్టాలా వద్దా అన్నది లెక్క వేసుకుని తేల్చుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. 1500 సీసీ లోపు కారు, ప్లాస్టిక్ బంపర్ మార్చడానికి ₹6,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు తరుగుదల కింద సగం కోస్తారు, ₹3,000 మిగిలింది. తప్పనిసరి కోత ₹1,000. చేతికొచ్చేది ₹2,000. ఆ యజమాని అయిదేళ్లుగా క్లెయిమ్ పెట్టకుండా 50 శాతం నో క్లెయిమ్ బోనస్ సంపాదించుకున్నాడనుకుందాం. సొంత నష్టం ప్రీమియం ₹8,000 అయితే బోనస్ వల్ల వచ్చే ఏడు ₹4,000 తగ్గాలి. క్లెయిమ్ పెట్టాడా, అది పోతుంది. తప్పు ఎదుటివాడిదే అయినా పోతుంది, బోనస్‌ను కాపాడే అదనపు రక్షణ కొనుక్కుని ఉంటే తప్ప. ₹2,000 కోసం ₹4,000 వదులుకోవడం, పైగా మళ్లీ 20 శాతం దగ్గర మొదలుపెట్టడం! అదే తలుపు, ఫెండర్, హెడ్‌లైట్ కలిసి ₹40,000 బిల్లయితే క్లెయిమ్ పెట్టడమే మేలు. జీరో డిప్రిసియేషన్ రక్షణ ఉన్నవాళ్లకు ఆ సగం కోత ఉండదు. ఈ లెక్క ఏజెంటు వేసి చెబుతాడని ఎదురు చూడకుండా ఎవరికి వారే వేసుకోవాలి.

గుద్దిన బండి నంబరు ఖాయంగా దొరికితే దాని థర్డ్ పార్టీ బీమా మీదికి వెళ్లొచ్చు. ఇతరుల ఆస్తి నష్టానికి కార్లు, లారీల పాలసీల్లో సాధారణంగా ₹7.5 లక్షల వరకు, బైకులకు ₹1 లక్ష వరకు రక్షణ ఉంటుంది. కాకపోతే దరఖాస్తు పెట్టగానే ఆ కంపెనీ చెక్కు రాసివ్వదు. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. ఆరు నెలల్లోగా వేయాలని చట్టం అంటుంది. సరిహద్దు వాసులకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది: ప్రమాదం జరిగిన చోటే కాక, నష్టపోయినవారు ఉంటున్న చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. చింతూరులో దెబ్బతిన్న కారు యజమాని ఖమ్మంలో ఉంటే ఖమ్మం కోర్టులోనే వేసుకోవచ్చన్నమాట. వకీలు ఫీజు, వాయిదాలు కలుపుకుంటే పది పదిహేను వేల నష్టానికి ఈ దారి గిట్టుబాటు కాదు. ఒకే నష్టానికి సొంత కంపెనీ దగ్గరా, అవతలి కంపెనీ దగ్గరా రెండుసార్లు తీసుకోవడం కుదరదు. సొంత బీమా కోసేసిన మొత్తాన్ని మాత్రం గుద్దినవాడి నుంచి అడగొచ్చు.

గుద్దింది ఆర్టీసీ బస్సయితే దారి కాస్త వేరు. సంస్థ సొంత బస్సులకు మామూలు బీమా ఉండదు, పరిహారం సంస్థే భరిస్తుంది. అద్దె బస్సులకు వాటి యజమానులు బీమా చేయిస్తారు. కాబట్టి బస్సు నంబరుతో పాటు డిపో పేరు, అది అద్దె బస్సా అన్నదీ రాసుకుని డిపో మేనేజర్‌కు ఫిర్యాదు ఇవ్వాలి. పల్లెల్లో తిరిగే ట్రాక్టర్లతో ఇంకో తంటా. ట్రాక్టరుకు బీమా ఉన్నా వెనకున్న ట్రాలీకి ఉండకపోవచ్చు, ట్రాలీకి విడిగా చేయించాలి. బీమా లేని బండి గుద్దితే దాని యజమాని తన జేబులోంచే కట్టాలి. బీమా లేకుండా బండి తిప్పినందుకు అదే చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారి ₹2,000 జరిమానా, మూడు నెలల జైలు, లేదా రెండూ పడొచ్చు. రాజీ మాటల్లో ఈ సెక్షన్‌కు బలం ఎక్కువ.

ఆగి ఉన్న కారుది ఎప్పుడూ తప్పుండదనుకోవడం కూడా పొరపాటే. మలుపులో, వంతెన మీద, కూడలి దగ్గర కారు నిలపడం నిబంధనలకు విరుద్ధం. ప్రమాదకరంగా వదిలేస్తే మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ వర్తిస్తుంది. హైవే మధ్యలో లైట్లూ హెచ్చరికలూ లేకుండా ఆపిన ట్రక్కును కారు ఢీకొన్న కేసులో, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిర్లక్ష్యమంతా ట్రక్కు వాళ్లదేనని తేల్చింది. కిన్నెరసాని వైపో చింతూరు వైపో అడవిలో రాత్రి బండి చెడిపోతే రోడ్డు దించి ఆపడం, నాలుగు ఇండికేటర్లూ వేయడం, వెనకాల ఎర్ర త్రికోణం పెట్టడం ప్రాణాలకే కాదు, రేపటి కేసుకూ అవసరం.

డబ్బు తీసుకుని టోకెన్ ఇచ్చే పార్కింగ్‌లో దెబ్బ తగిలితే ‘వాహనాలకు మేము బాధ్యులం కాము’ అన్న బోర్డు చూపిస్తారు. ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్ కేసులో 2019 నవంబరులో సుప్రీంకోర్టు, తాళం చెవి తీసుకుని కారు పెట్టించిన హోటల్ తన వైపు నిర్లక్ష్యం ఉంటే అలాంటి బోర్డు చాటున తప్పించుకోలేదని చెప్పింది. అది దొంగతనం కేసు. తాళం అప్పజెప్పి వెళ్లిన కారుకు కాపలాలో సొట్ట పడినా ఆ వాదన వినిపించవచ్చు. తాళం మన దగ్గరే ఉంచుకుని, జాగా కోసం మాత్రమే డబ్బు కట్టిన మైదానం పార్కింగ్‌లో అది అంత బలంగా నిలవదు. టోకెన్ మాత్రం పారేయకూడదు.

సొంత బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించినా, తక్కువ కట్టినా ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికే రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ₹50 లక్షల వరకు వివాదాలు వింటారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు ఉంది.