వాల్వు ఆంప్లిఫయర్ గొంతు కరకుగా ఉంటే

గిటారు వాయించే యౌవనస్థుడు ఉన్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఆంప్లిఫయర్ మాట వస్తుంది. కొనాలంటే ఖరీదు. చేతిపని తెలిసిన పిల్లవాడైతే వాల్వులు, ట్రాన్స్‌ఫార్మర్లు సమకూర్చుకొని తానే కట్టుకుంటానంటాడు. నెలల తరబడి కష్టపడి స్విచ్చి వేస్తే శబ్దం వస్తుంది గాని, రేకు మీద మేకుతో గీసినట్లు వస్తుంది. ఇంట్లోవారు చెవులు మూసుకుంటారు. చివరికి ఆ సెట్టు అటకెక్కుతుంది.

అంత శ్రమను అటకెక్కించనవసరం లేదు. కరకుదనం జ్వరం వంటిది. కారణం కనుగొంటే గాని మందు పనిచేయదు. ఇక్కడ ముఖ్యమైన కారణాలు నాలుగైదే. వాటిని వరుసగా చూసుకుంటూ పోతే ఒక్కోసారి చిన్న కండెన్సరు మార్చడంతోనే పని తీరిపోతుంది.

ముందుగా ప్రాణభద్రత

తల్లిదండ్రులు ఈ భాగం తప్పక చదవాలి. వాల్వు సెట్టులో సాధారణంగా 300 నుండి 450 వోల్టుల డి.సి. విద్యుత్తు ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అది ఫిల్టరు కండెన్సర్లలో నిలిచి ఉండవచ్చు. కాబట్టి లోపల చేయి పెట్టేముందు ప్లగ్గు పీకి, 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరు ద్వారా ఆ విద్యుత్తును దింపి, మీటరు పెట్టి సున్నాకు వచ్చిందో లేదో చూసుకోవాలి. అనుభవమున్న మెకానిక్కు పక్కన లేకుండా పిల్లలు ఈ పని చేయకూడదు.

గిటారు తీగలు సెట్టు ఇనుప పెట్టెకు కలిసే ఉంటాయి. అందుచేత మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తు తప్పనిసరి. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్లీ హార్వే అనే గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకును తాకి ప్రాణం కోల్పోయాడు. గిటారు పట్టుకొని మైకు ముందు పాడే ప్రతివారూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మరొక జాగ్రత్త: స్పీకరు తగిలించకుండా వాల్వు సెట్టును వాయించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదముంది.

మొదట స్పీకరును అనుమానించండి

చాలామంది వెంటనే లోపలి భాగాలను మార్చడం మొదలుపెడతారు. కాని మొదట చూడవలసింది స్పీకరునే. గిటారు కోసం తయారైన 12 అంగుళాల స్పీకర్లు సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా తగ్గించివేస్తాయి. వాల్వు నిండుగా పనిచేసేటప్పుడు పుట్టే బుసబుసలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. అదే సెట్టును ట్వీటరున్న పాటల పెట్టెకో, సభలకు వాడే హారన్ స్పీకరుకో తగిలిస్తే ఆ బుసబుసలన్నీ బయటికి వస్తాయి. కందిరీగల తుట్టె కదిలినట్లుంటుంది.

స్పీకరు మహిమ ఎంతటిదో చరిత్రలోనే ఒక ఉదాహరణ ఉంది. 1962లో లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే జిమ్ మార్షల్, కెన్ బ్రాన్, డడ్లీ క్రావెన్ కలిసి ఒక ఆంప్లిఫయర్ తయారు చేశారు. దాని సర్క్యూట్ దాదాపు అమెరికా ఫెండర్ కంపెనీ వారి బాస్‌మన్‌దే. అయితే బాస్‌మన్‌లో వెనుకవైపు తెరచిన పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉంటే, మార్షల్ వారు మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాల స్పీకర్లు పెట్టారు. వాల్వుల్లోనూ కొంత మార్పు ఉంది. రెండింటి గొంతులు వేరైపోయాయి.

వినేచోటు కూడా ముఖ్యమే. పెద్ద స్పీకరులో సన్నని ధ్వని టార్చిలైటు వెలుగులా నేరుగా ముందుకు పోతుంది. వాయించేవాని మోకాళ్ల దగ్గర మెత్తగా వినిపించేది, ఎదురుగా మొదటి బల్లపై కూర్చున్న పెద్దలకు చెవిలో గుచ్చుతుంది. పెట్టెను కొంచెం పక్కకు తిప్పి, ఎదుట కూర్చొని విని, ఆ తరువాతే సెట్టు మీద తీర్పు చెప్పండి.

వాల్యూం బిరడా చెప్పే సాక్ష్యం

స్పీకరు మంచిదే అయినా కరకుదనం పోకపోతే వాల్యూం బిరడాను నెమ్మదిగా తిప్పుతూ వినండి.

తక్కువ వాల్యూంలో గుచ్చుతూ, పెంచేకొద్దీ మెత్తబడితే దోషం బ్రైట్ కండెన్సరుది. వాల్యూం కంట్రోలు మీదుగా వేసే ఈ చిన్న కండెన్సరు సన్నని ధ్వనిని పక్కదారిన పంపుతుంది. ఫెండర్ వారి అనేక సెట్లలో ఇది 120 పికోఫారడ్లు. 1970ల నాటి కొన్ని మార్షల్ సెట్లలో 5,000. అందుకే వాటిని తక్కువ వాల్యూంలో భరించడం కష్టం. దాని కాలు ఒకటి ఊడదీసి వినండి. మరీ మందకొడిగా అనిపిస్తే 47 పికోఫారడ్లది వేసి చూడండి.

స్వరం సన్నగిల్లే సమయంలో తోక దగ్గర గరగరమంటే, ఒక వాల్వు పని ముగించి రెండవది అందుకునేచోట ఎడం పడుతున్నదన్నమాట. పవర్ వాల్వులకు బయాస్ చల్లగా ఉంటే ఇలా అవుతుంది. ఇ.ఎల్.84 వాల్వు భరించగలిగేది 12 వాట్లు. వాల్వు మీద 300 వోల్టులున్న ఫిక్స్‌డ్ బయాస్ సెట్టులో అందులో 70 శాతం, అంటే ఒక్కొక్క వాల్వుకు సుమారు 28 మిల్లీ ఆంపియర్లు ఉండేలా సరిచేయడం వాడుక. అంతకు మించి పెంచితే వాల్వు ఆయుష్షు తగ్గుతుంది.

బిరడా ఒక హద్దు దాటగానే హఠాత్తుగా కరకుదనం వచ్చి, తీగలు కదిలిస్తే మారితే, సెట్టు లోపల చెవికి అందని ఊళ పుట్టిందని అనుమానించాలి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ తీగలను దూరం చేయండి. మొదటి వాల్వు గ్రిడ్డుకు 68 కిలో ఓముల రెసిస్టరును సాకెట్టు పిన్ను దగ్గరే అతికించండి. పవర్ వాల్వులకు 1.5 నుండి 5.6 కిలో ఓములు సరిపోతుంది. స్విచ్చి వేసిన వెంటనే కీచుమని అరిస్తే ఫీడ్‌బ్యాక్ తిరగబడినట్లే. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు ప్రైమరీ చివరి తీగలు రెండూ అటూ ఇటూ మార్చాలి.

ఇవన్నీ సరిగా ఉండి, అన్ని వాల్యూంలలోనూ ధ్వని కాస్త పదునుగా ఉంటే నివారణ సులువు. ఇ.సి.సి.83 వాల్వు దశలో 100 కిలో ఓముల ప్లేటు రెసిస్టరుకు సమాంతరంగా, 500 వోల్టులు తట్టుకునే 470 పికోఫారడ్ల కండెన్సరు వేయండి. సుమారు 9,000 హెర్ట్జ్ నుండి ధ్వని తగ్గుముఖం పడుతుంది. 1,000 వేస్తే 4,000 దగ్గరే తగ్గడం మొదలవుతుంది. అయితే ముందు చెప్పిన దోషాలను కప్పిపుచ్చడానికి దీన్ని వాడకండి. ఊళ పెట్టే సెట్టుకు ముసుగు వేస్తే ఊళ ఆగదు.

ఒకసారికి ఒకే మార్పు

ఒకే రోజు అయిదు భాగాలు మార్చినవాడికి ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, తీసిన భాగం, వేసిన భాగం, విన్న తేడా రాయండి. మార్పుకు ముందూ తరువాతా అదే పాట, అదే గిటారు, అదే వాల్యూం ఉండాలి. చెవి అలసిన రాత్రివేళ తీర్పు చెప్పకండి, మరుసటి ఉదయం మళ్లీ వినండి. ఇంట్లో గిటారు తెలియనివారిని కూడా పిలిచి వినిపించండి. సర్క్యూట్ సంగతి వారికి తెలియకపోయినా, ఏ శబ్దం చెవికి హాయిగా ఉందో తప్పక చెప్పగలరు.