మన అమ్మాయిల ఆటకు ధర కట్టేదెవరు?

అమ్మాయిల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్‌ను 2023 నుంచి 2027 దాకా టీవీలో చూపించే హక్కు 951 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. బాగుంది! మరి కాలేజీ ఆటల మాటేమిటి?

మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 2020 జనవరిలో, కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా అక్కడ డోపింగ్ పరీక్ష జరగలేదని దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు.

ఏర్పాట్లకు డబ్బు కావాలి. టీవీవాళ్ళు చూసేవాళ్ళను లెక్కపెట్టే హక్కులకు ధర కడతారు. మా ఇబ్రహీంపట్నంలో సాయంత్రమైతే రిమోట్ సీరియళ్ళదే. కాలేజీ అమ్మాయిల పోటీలు వచ్చినరోజైనా ఓ గంట వాళ్ళకిద్దామా? చూసేవాళ్ళుంటేనే కదా, కొనేవాళ్ళు వచ్చేది!