నాటక విశ్లేషణ

నాటక విశ్లేషణ అంటే ఒక నాటకం యొక్క రచనను, ప్రదర్శనను అంశాలుగా విడదీసి, అవి కలిసి ప్రేక్షకునిపై కలిగించే ప్రభావాన్ని పరిశీలించడం. నవల చదవడంతో పూర్తవుతుంది. నాటకం మాత్రం రచయిత, నటుడు, ప్రేక్షకుడు ముగ్గురూ కలిసినప్పుడే పూర్తవుతుంది. అందువలన రచనను మాత్రమే చదివి నాటకాన్ని అంచనా వేయడం అసంపూర్ణమవుతుంది. ఇందులోని ప్రాథమిక భావనలను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు చరిత్రతో, కళారూపాలతో ముడిపడిన ఉదాహరణల ద్వారా సులభంగా గ్రహించవచ్చు.

ఉదాహరణ: మా భూమి

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రచించిన "మా భూమి" నాటకాన్ని 1947లో ప్రజానాట్యమండలి ప్రదర్శించింది. దీని ఇతివృత్తం తెలంగాణ రైతాంగ పోరాటం. ఆ పోరాటానికి ముఖ్య కేంద్రాలలో నాటి నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లా ఒకటి. సూర్యాపేట, మిర్యాలగూడ అందులో తాలూకాలు. కోదాడ హుజూర్‌నగర్ తాలూకాలో ఉండేది. ఇదే పేరుతో గౌతమ్ ఘోష్ 1979లో తీసిన సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల; ఈ నాటకం కాదు.

ఇతివృత్తం, సంఘర్షణ

జరిగిన సంఘటనల వరుస కథ అవుతుంది. ఆ సంఘటనలను రచయిత కార్యకారణ సంబంధంతో అమర్చిన తీరు ఇతివృత్తం. భారతీయ నాట్యశాస్త్రం ఇతివృత్తపు నడకను ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అనే ఐదు అవస్థలుగా విభజించింది.

ఇతివృత్తాన్ని ముందుకు నడిపేది సంఘర్షణ. ఇది రెండు పాత్రల మధ్య, ఒకే పాత్ర మనసులో, లేదా వ్యక్తికీ వ్యవస్థకూ మధ్య ఉండవచ్చు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అనే భూస్వామికి లక్షన్నర ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో పేర్కొన్నాడు. అటువంటి నేపథ్యంలో దొరకూ రైతుకూ మధ్య జరిగే తగాదా ఇద్దరు మనుషుల పగగా మిగలదు. అది భూమి వ్యవస్థతో జరిగే సంఘర్షణ అవుతుంది.

అభినయం

నాట్యశాస్త్రం ప్రకారం అభినయం నాలుగు విధాలు.

ఆంగికం: శరీర కదలికలు, హస్త, ముఖ చలనాలు.
వాచికం: మాట, స్వరం, యాస, పాట.
ఆహార్యం: వేషధారణ, అలంకరణ.
సాత్వికం: కన్నీరు, వణుకు, గగుర్పాటు వంటి అంతరంగ భావాల వ్యక్తీకరణ.

"నీ బాంచెన్ దొరా" అనే తెలంగాణ పలుకుబడిని తీసుకుంటే ఈ తేడా స్పష్టమవుతుంది. పుస్తకంలో అవి మూడు మాటలు మాత్రమే. వెట్టివాడు భుజం మీది తువ్వాలు తీసి, నడుము వంచి ఆ మాట అంటే లొంగుబాటు కనిపిస్తుంది. తువ్వాలు భుజం మీదనే ఉంచుకొని, నిటారుగా నిలబడి అదే మాట అంటే ఎదిరింపు కనిపిస్తుంది. మాట మారలేదు, ఆంగికం, ఆహార్యం అర్థాన్ని మార్చాయి. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ విషాద నాటకపు ఆరు అంగాలలో ఇతివృత్తానికి మొదటి స్థానం, దృశ్యానికి చివరి స్థానం ఇచ్చాడు. నాట్యశాస్త్రం మాత్రం రంగం మీది చేష్టలను, వేషాన్ని, నాట్యగృహ నిర్మాణాన్ని కూడా విస్తారంగా చర్చించింది.

కథకుడు, పాత్ర

కొన్ని ప్రదర్శనలలో నటుడు పాత్రగా మారిపోడు. బుర్రకథలో ప్రధాన కథకుడు ఒక క్షణం వీరుడిగా పలికి, మరుక్షణం కథ చెప్పేవాడుగా బయటికి వస్తాడు. అతని పక్కనున్న వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయ వ్యాఖ్య అందిస్తారు. ఇందువలన ప్రేక్షకుడు కథలో లీనమవుతూనే ఆలోచిస్తాడు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ (1898-1956) తన సిద్ధాంతంలో కోరినది కూడా ఇటువంటి ఎడమే. నల్గొండ జిల్లా కవి సుద్దాల హనుమంతు గొల్ల సుద్దుల వంటి జానపద రూపాలను రైతాంగ ఉద్యమ ప్రచారానికి వాడుకున్నాడు.

రంగస్థలం, ప్రేక్షకుడు

తెర, వేదిక ఉన్నచోటే రంగస్థలం అనుకోవడం పొరపాటు. సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లిలో రెండేళ్ళకొకసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరలో డోలు, నడక, నినాదం, వేషం అన్నీ ఉంటాయి. అక్కడ చూసేవారికీ చేసేవారికీ మధ్య స్పష్టమైన గీత ఉండదు. దీనిని నాటకం అనలేకపోయినా ప్రదర్శనగా విశ్లేషించవచ్చు.

ప్రేక్షకుడెవరన్నది కూడా ముఖ్యమే. నిజాం రాజ్యంలో బహిరంగ సభలపై ఆంక్షలు ఉండేవి. తెలంగాణ పల్లె కథ అయిన "మా భూమి"ని ప్రధానంగా చూసినవారు సరిహద్దు అవతల, మద్రాసు రాష్ట్రంలో భాగమైన ఆంధ్ర జిల్లాల ప్రజలు. వారికి అది పొరుగువారి పోరాటానికి మద్దతు కోరే పిలుపు. వెట్టిని స్వయంగా అనుభవించిన సూర్యాపేట రైతుకు అదే దృశ్యం తన బతుకు. తరువాత మద్రాసు ప్రభుత్వం కూడా ఈ నాటకాన్ని నిషేధించింది. కాబట్టి ఏమి చెప్పారు, ఎలా చూపారు అన్న ప్రశ్నలతో పాటు ఎక్కడ, ఎవరి ముందు, ఏ కాలంలో ఆడారు అన్నది తెలిసినప్పుడే నాటక విశ్లేషణ సమగ్రమవుతుంది.