మా ఉత్తరం ఎన్నడూ మాది కాలేదు

మా అమ్మకు చదువు రాదు. మా నాన్న హైదరాబాదులో ఇళ్ళ పనుల్లో కూలీగా ఉన్న రోజుల్లో నెలకో కార్డు వచ్చేది. ఆయనకూ చదువు రాదు కనుక రాసిపెట్టేది అక్కడి మేస్త్రీ, చదివిపెట్టేది ఇక్కడ కరణంగారి అరుగు మీది పెద్దమనిషి. కరణీకం రద్దయినా ఆ ఇంటి పేరు మారలేదు, అరుగు అధికారమూ తగ్గలేదు. అమ్మ అరుగు కింద నిలబడేది. ఆయన నలుగురికీ వినపడేలా చదివేవాడు. ఒకసారి నాన్న, 'మనియార్డరు పంపుతున్నాను, పిల్లవాడి పరీక్ష ఫీజు కట్టు, ఎవరికీ చెప్పకు' అని రాయించాడు. పొద్దుగూకక ముందే ఆసామి మనిషి మాదిగవాడకు వచ్చి మా గుడిసె ముందు నిలబడ్డాడు. ఆ డబ్బు పాత బాకీ కింద జమ అయింది. నాకు ఒక సంవత్సరం చదువు పోయింది.

ఎవరి ఉత్తరాన్ని ఎవరు చదవగలరన్నది సాంకేతిక ప్రశ్న కాదనీ, అది అధికారానికి సంబంధించిన ప్రశ్న అనీ నాకు ఆ ఏడాదే తెలిసింది. అందుకే తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు మీద జరుగుతున్న చర్చను వింటున్నప్పుడల్లా ఆ అరుగే గుర్తుకొస్తుంది.

మావోయిస్టుల కదలికలను కనిపెట్టడానికి ఏర్పడిన ప్రత్యేక ఇంటెలిజెన్స్ విభాగాన్ని ప్రతిపక్ష నాయకుల, పాత్రికేయుల, వ్యాపారుల, చివరికి న్యాయమూర్తుల ఫోన్లు వినడానికి వాడుకున్నారన్నది ఆరోపణ. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వెలువడిన వెంటనే హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది మరో ఆరోపణ. 2024 మార్చిలో కేసు నమోదై పోలీసు అధికారులే అరెస్టయ్యారు. నిజానిజాలు న్యాయస్థానంలో తేలవలసిందే. అయితే ఈ చర్చ అంతటా వినిపిస్తున్నది ఒకే ప్రశ్న: ఏ పెద్దవారి ఫోన్ విన్నారు? ఎవరి ఫోన్ విన్నా ఈ సమాజానికి వార్త కాదో ఆ ప్రశ్న అడిగేవారు లేరు.

2021 అక్టోబరులో హైదరాబాదు వీధుల్లో పోలీసులు యువకులను ఆపి, ఫోన్లు తీసుకుని, వాట్సాప్ సంభాషణల్లో గంజాయి అన్న పదం కోసం వెతుకుతున్న దృశ్యాలు బయటకు వచ్చాయి. హోం కార్యదర్శి ఉత్తర్వు లేదు, సమీక్షా సంఘం లేదు, కేసు లేదు. ఖరీదైన కార్లను అలా ఆపి, ఫోన్ ఇవ్వమని అడగగలరా? నాయకుడి ఫోన్ వినడానికి దొంగదారి కావాలి. బస్తీ కుర్రాడి ఫోన్ చదవడానికి నడివీధి చాలు. మొదటిది కుంభకోణమైంది, రెండోది తనిఖీ అనిపించుకుంది. ఈ తేడాకు మన సమాజంలో ఒక పాత పేరుంది.

ఆ పేరు చట్టంలోనే ఉండేది. వలస ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం చేసింది, 1885లో టెలిగ్రాఫ్ చట్టం చేసింది. మొదటిది పుట్టుకను బట్టి మనిషిని కనిపెట్టడానికి, రెండోది తీగ మీద పోయే మాటను కనిపెట్టడానికి. 1911లో మొదటి చట్టం మద్రాసు రాజధానికీ విస్తరించింది. ఎరుకల కుటుంబాలను స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచి, వేలిముద్రలు తీసుకుని, హాజరు వేసి, బయటికి పోవాలంటే అనుమతి చీటీ అడిగారు. 1952లో ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి, ఠాణాల్లో అనుమానితుల జాబితాలు మిగిలాయి. కొన్ని కులాలు నేరం చేసినందుకు కాక, పుట్టినందుకే నిఘాలో బతికాయి. మిగతా సమాజానికి ఈనాడు కొత్తగా తోస్తున్న భయం వారికి తాతల నాటిది.

అంబేడ్కర్‌కు ఇది తెలుసు. 1947లో ఆయన రాజ్యాంగ పరిషత్తు ముందుంచడానికి రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో మనిషికీ, ఇంటికీ, కాగితాలకూ అకారణ సోదాల నుంచి రక్షణను ప్రాథమిక హక్కుగా కోరారు. ఉత్తరాల గోప్యత హక్కును కె.ఎం. మున్షీ ముసాయిదా కూడా ప్రతిపాదించింది. ఈ రెండు రక్షణలూ నేర పరిశోధనకు అడ్డు వస్తాయని బి.ఎన్. రావు, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వంటి న్యాయకోవిదులు అభ్యంతరం చెప్పారు. రెండూ రాజ్యాంగంలోకి రాలేదు. సోదాలకు ఎన్నడూ గురికాని ఇళ్ళలో కూర్చుని ఆలోచించేవారికి దర్యాప్తు సౌకర్యం ముందు కనిపిస్తుంది. తలుపులేని ఇంట్లో పుట్టినవారికి తలుపు అవసరం ముందు కనిపిస్తుంది.

రాజ్యాంగంలో రానిది న్యాయస్థానాల ద్వారా వచ్చింది, చాలా ఆలస్యంగా. ఖరక్ సింగ్ కేసులో రాత్రివేళ ఇంటి తలుపు తట్టే అధికారాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది. కానీ మనిషి కదలికలను వెంటాడే నిఘాను మాత్రం ఆమోదించింది. గోప్యత కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని ఆ తీర్పుతో విభేదించినది తెలుగువాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ భిన్నాభిప్రాయమే సరైనదని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం అంగీకరించడానికి 2017 ఆగస్టు 24 దాకా ఆగవలసి వచ్చింది. సామాజికంగా వెనుకబడిన వర్గాలకు చెందినవారన్న ఒక్క కారణంతో అమాయకుల పేర్లను పోలీసు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించరాదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పవలసి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై ఆరేళ్ళ తరువాత ఆ మాట చెప్పవలసి వచ్చిందంటే, ఆ ఆచారం ఎంత సజీవంగా ఉందో అర్థమవుతుంది.

ఇక ఆ నిఘా ఇప్పుడు ఎవరి మీద? 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసు పేరుతో పుణె పోలీసులు హైదరాబాదులో వరవరరావు ఇంటితో పాటు ఆయన అల్లుడు, ఇఫ్లూ ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇంటినీ సోదా చేశారు. ఇన్ని పుస్తకాలు ఎందుకని, దేవుళ్ళ పటాలకు బదులు ఫూలే, అంబేడ్కర్ పటాలు ఎందుకని తమను అడిగినట్టు ఆయన బహిరంగంగానే చెప్పారు. మరుసటి ఏడాది పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌తో ప్రపంచంలో దాదాపు 1,400 మంది వాట్సాప్ వినియోగదారులపై దాడి జరిగిందని తెలిసింది. మన దేశంలో హెచ్చరిక అందుకున్నవారిలో దళిత హక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు ఉన్నారు. వారిలో ఒకరైన ఆనంద్ తేల్‌తుంబ్డే 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడే, జైలు దారి పట్టారు. పెగాసస్ మీద 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు వేసిన సాంకేతిక సంఘం 29 ఫోన్లు పరిశీలించింది. ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది, అది పెగాససేనని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని సంఘం చెప్పిన మాటను నిండు న్యాయస్థానంలో వెల్లడించినది అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ.

'తప్పు చేయనివాడికి భయమెందుకు' అని అడిగేవారున్నారు. మా అమ్మ ఏ తప్పు చేసింది? ఫీజు డబ్బు దాచుకోవడం నేరమా? బలహీనుడు దాచుకునేది నేరం కాదు, తన బతుకు. ఊరిలో ఒక దళిత యువకుడూ, పై కులపు అమ్మాయీ పెళ్ళి చేసుకోవాలనుకుంటే వారి మాటలకున్న ఏకైక చాటు ఫోను. ఆ కాల్ వివరాలు ఒక ఠాణాకు తెలిస్తే అవి అక్కడే ఆగుతాయా? ఠాణాలో ఎవరి చుట్టాలు ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. అక్కడ గోప్యత ఆదర్శం కాదు, ప్రాణం.

పరువు హత్యల్లో, అట్రాసిటీ కేసుల్లో నిందితులను పట్టించేదీ ఫోన్ రికార్డులే కదా అనవచ్చు. ఆ వాదనను నేను తేలికగా తీసుకోను. కానీ అక్కడ నేరం జరిగింది, కేసు ఉంది, సాక్ష్యాన్ని న్యాయస్థానం పరీక్షిస్తుంది. నేను ప్రశ్నిస్తున్నది కేసులేని వినికిడిని, న్యాయమూర్తి చూడని ఉత్తర్వును.

1996 డిసెంబరులో పౌరహక్కుల ప్రజా సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ ట్యాపింగ్‌కు కొన్ని హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, దానికి గడువు ఉండాలి, సమీక్షా సంఘం పరిశీలించాలి. ముందుగా న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలని మాత్రం అనలేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరు నియమాలు కూడా ఆ లోటును తీర్చలేదు. ఉత్తర్వు ఇచ్చేది అధికారి, సమీక్షించేదీ అధికారులే. విన్నట్టు పౌరుడికి ఎన్నటికీ తెలియదు. తెలియని అన్యాయం మీద ఎవరు ఎక్కడ ఫిర్యాదు చేస్తారు?

కాబట్టి తెలంగాణ కేసు కొందరు అధికారుల శిక్షతో ముగిసిపోకూడదు. పాత ప్రభుత్వం విన్నదని కొత్త ప్రభుత్వం నిందించడం, రేపు కుర్చీలు మారితే నిందలు మారడం మనకు న్యాయం కాదు. ఫోన్ వినాలంటే ముందుగా న్యాయమూర్తి అనుమతి ఉండాలి. నిఘా ముగిశాక ఆ పౌరుడికి తెలియజేయాలి. ఏటా ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, ఏ సామాజిక వర్గాల మీద ఇచ్చారో, వ్యక్తుల పేర్లు లేకుండా శాసనసభ ముందు పెట్టాలి. రాతపూర్వక ఉత్తర్వు లేకుండా వీధిలో ఫోన్ తెరిపించడాన్ని నేరంగా పరిగణించాలి. విద్యార్థి సంఘాలు రిజర్వేషన్లతో పాటు దీన్నీ తమ కోరికల పత్రంలో చేర్చాలి. చాటుగా మాట్లాడుకోలేని సంఘం బహిరంగంగా పోరాడలేదు.

మా అమ్మకు ఇప్పటికీ చదువు రాదు. కానీ ఫోన్‌లో నా బొమ్మను నొక్కి, ఎవరి అరుగు కిందా నిలబడకుండా, నాతో నేరుగా మాట్లాడుతుంది. ఆమె జీవితంలో మూడో మనిషి వినని మొదటి మాట అది. ఆ మాటను వినే హక్కు నాకు తప్ప మరెవరికీ లేదు.